చేతులు మారు కారు: కొనుటకు ముందు పరీక్ష

పశువుల సంతకు పోయిన రైతు ఎద్దు కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడడు. నోరు తెరపించి పండ్లు లెక్కించును. సుళ్లు చూచును. కాడి కట్టి నాలుగడుగులు నడిపించును. అమ్మువాని ఊరేది, ఇంత మంచి ఎద్దును ఇప్పుడెందుకు అమ్ముచున్నాడు అని నలుగురిని విచారించును. ఆ రైతు మనుమడు నేడు పట్టణములో ఉద్యోగము చేయుచు, పాత కారు కొనబోయి, పాలిషు పట్టిన రంగును, కొత్తగా తొడిగిన సీటు కవర్లను చూచి, అక్కడికక్కడే బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. తాతకున్న జాగ్రత్త మనుమనికి లేకపోవుటకు కారణము తెలివితక్కువ కాదు. ఎద్దునందు ఏమి చూడవలెనో ఊరంతయు ఎరుగును. కారునందు ఏమి చూడవలెనో చెప్పువారు తక్కువ.

ఈ ప్రసంగములో మేము అన్ని కార్లను గూర్చి చెప్పబూనలేదు. ఐరోపా సంస్థల చిన్న కార్లను, అందునను వెనుక తలుపు అద్దముతో సహా పైకి లేచు హాచ్‌బ్యాక్ అను తరగతిని గూర్చి మాత్రమే ముచ్చటింతుము. ఈ తరగతిలో మన పట్టణములందు తరచుగా అమ్మకమునకు కనబడునది జర్మనీ దేశపు ఫోక్స్‌వ్యాగన్ వారి పోలో. ఇది పూణె సమీపమున చాకన్ కర్మాగారములో తయారై 2010లో మన విపణికి వచ్చినది. 2022లో దాని తయారీ ఇక్కడ నిలిచిపోయినది. ఇటలీ దేశపు ఫియట్ వారి పుంటో 2009లో వచ్చినది. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి ఆరు కాలుష్య ప్రమాణములు అమలునకు రాకముందే అది అంగడి విడిచినది. చెక్ దేశపు స్కోడా వారి ఫాబియా అంతకంటెను ముందే నిష్క్రమించినది. కనుక ఈ మూడింటిలో దేనిని కోరినను మనకు దొరకునది పాత బండియే.

వీటిపై జనులకు గల మోజు అకారణమైనది కాదు. తలుపు మూసినప్పుడు వినవచ్చు నిండైన శబ్దము, పెద్దరోడ్డుపై వేగముగా పోవునప్పుడు తొణకని నడక, ఇవి నడిపినవారికి వెంటనే తెలియును. అయినను కొత్తగా ఉన్నప్పుడు అంత విలువ పలికిన బండి, కొన్ని యేండ్లకే చౌకగా లభించుచుండుటకు కారణము మరమ్మతు ఖర్చును గూర్చిన భయము. ఆ భయములో కొంత అతిశయోక్తి, కొంత నిజము కలవు. నిజమేమనగా, బండి ధర తగ్గినంత మాత్రమున విడిభాగముల ధర తగ్గదు. సగము ధరకు కొన్న కారునకు సగము ధరకే గేరు పెట్టె ఎవరును ఇయ్యరు. అందుచేత ఇట్టి బండిని కొనువారు గుర్తుంచుకొనవలసిన మాట యొక్కటియే: మనము కొనుచున్నది నాలుగు చక్రముల వాహనమును మాత్రమే కాదు, ఇంతవరకు దానిని పోషించినవాని శ్రద్ధను, లేదా అశ్రద్ధను కూడ కొనుచున్నాము. శ్రద్ధగా సాకిన పదేండ్ల బండి, నిర్లక్ష్యము పాలైన ఐదేండ్ల బండికంటె మేలు.

ఈ శ్రద్ధకు మొదటి సాక్ష్యము కాగితములు. బండిని చూడబోవుటకు ముందే రిజిస్ట్రేషను పత్రము ప్రతిని తెప్పించుకొనవలెను. అందు బండి తయారైన నెల, సంవత్సరము, ఎన్నవ యజమాని, ఏ ఇంధనము, బ్యాంకు తాకట్టు కలదా లేదా అను వివరములు ఉండును. వాటిని ప్రభుత్వమువారి వాహన్ నమోదులతో పోల్చి చూచుకొనవచ్చును. చెల్లింపని చలానాలు కలవేమో కూడ చూడవలెను. పిమ్మట అధికారిక సర్వీసు కేంద్రములో జరిగిన సర్వీసుల చిట్టాను అడుగవలెను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లవద్ద, ఏమేమి మార్చిరో దానిలో ఉండును. 2018లో 82 వేల కిలోమీటర్లు తిరిగినదని చిట్టా చెప్పుచుండగా, నేడు మీటరు 61 వేలే చూపుచున్నచో, ఇక ఆ బండిని చూడబోవలసిన పనియే లేదు. చిట్టా దొరకనప్పుడు బండియే సాక్ష్యము చెప్పును. తక్కువ తిరిగినదను బండిలో బ్రేకు పెడలు రబ్బరు అరిగి నునుపెక్కి, స్టీరింగు చక్రము తోలు మెరుగు దేలి, డ్రైవరు సీటు అంచు కుంగి ఉన్నచో, మీటరు మాట నమ్మదగినది కాదు.

బండి వయస్సును గూర్చి మరియొక మాట. సొంత వాడకపు కారునకు రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరములు. పిమ్మట దృఢత్వ పరీక్షలో నెగ్గి, రుసుము చెల్లించి, ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలసి యుండును. 2010లో నమోదైన పోలోకు ఆ గడువు 2025లోనే తీరినది. కనుక పాత బండిని చౌకగా కొనువారు, తమకు మిగిలిన గడువు ఎంతయో ముందే లెక్కించుకొనవలెను.

ఇతర రాష్ట్రములనుండి వచ్చిన బండ్ల విషయములో మరింత మెలకువ అవసరము. ఢిల్లీ ప్రాంతములో పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను తిరుగనీయరాదని జాతీయ హరిత న్యాయస్థానము ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు కూడ ఆ కట్టడిని సమర్థించినది. తరువాత దానిలో మార్పులు జరిగినను, అక్కడ ధర పడిపోయిన బండ్లు దక్షిణాదికి రావడము మాత్రము వాడుకైపోయినది. అట్టి బండికి అక్కడి రవాణా కార్యాలయమువారి నిరభ్యంతర పత్రము, అనగా ఫారము 28, ఉండి తీరవలెను. మన రాష్ట్రములో మరల నమోదు చేయించుటకు జీవితకాలపు పన్ను కట్టవలసి యుండును. ఆ మొత్తమును కూడ కలిపి చూచినచో, చౌక అనుకొన్న బేరము చౌక కాకపోవచ్చును.

ఇక ప్రాణరక్షణకు సంబంధించిన విషయము. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశపు కార్లను గోడకు ఢీకొట్టించు పరీక్షలు జరిపినది. గాలిసంచులు, అనగా ఎయిర్‌బ్యాగులు, లేని పోలోకు ఒక్క నక్షత్రము కూడ రాలేదు. ముందు సీట్లకు రెండు గాలిసంచులు ఉన్న పోలోకు పెద్దవారి రక్షణ విషయములో నాలుగు నక్షత్రములు వచ్చినవి. పిమ్మట సంస్థవారు గాలిసంచులు లేని తరహాను ఉపసంహరించుకొనిరి. కనుక అంతకు ముందటి బండ్లలో అన్నింటికిని ఈ రక్షణ ఉన్నదని భావింపరాదు. ఉన్న బండిలోనైనను అవి పనిచేయు స్థితిలో ఉన్నవా అని చూడవలెను. తాళము తిప్పగానే డ్యాషుబోర్డుపై గాలిసంచి గుర్తు వెలిగి, కొన్ని క్షణములలో ఆరిపోవలెను. ఆరకుండ వెలుగుచుండుట దోషము. అసలు వెలుగకుండుట అంతకంటె అనుమానింపదగిన విషయము. పూర్వము ప్రమాదములో సంచులు విచ్చుకొనగా, కొత్తవి వేయక దీపమును మాత్రమే చంపివేసి యుండవచ్చును.

బండిని చూచుటకు పగటివేళయే తగును. దీపాల వెలుగులోను, వాన కురిసి తడిసియున్నప్పుడును చూడరాదు. ఏటవాలుగా పడు ఎండలో ప్రక్కకు నిలిచి చూచినచో, టింకరింగు చేసి రంగు వేసినచోట నునుపు మారి కనబడును. తలుపులకు, బానెట్టుకు చుట్టును ఉండు సందులు అంతటను సమముగా ఉండవలెను. బానెట్టు, ముందు రెక్కలు బిగించిన బోల్టుల తలలపై పానా గాట్లున్నచో అవి యెప్పుడో విప్పబడినవి. అద్దములపై ముద్రించిన సంవత్సరపు గుర్తులను ఒకదానితో నొకటి పోల్చవలెను. ఒక్కటి వేరైనచో ఎందుకు మార్చిరో అడుగవలెను. డిక్కీలో స్టెప్నీని పైకి తీసి దాని క్రింది రేకును తడిమి చూడవలెను. అచ్చట ముడుతలు, అతుకులు ఉన్నచో బండి వెనుకనుండి గట్టి దెబ్బ తిన్నది. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య కాగితములోని వాటితో అక్షరము పొల్లు పోకుండ సరిపోవలెను.

టైర్ల ప్రక్కభాగమున నాలుగంకెల గుర్తు ఒకటి ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. అరుగుదల లేకున్నను మిక్కిలి పాతబడిన టైరు ఎండకు బీటలు వారి నమ్మరానిదగును. టైరు ఒక అంచుననే అరిగియున్నచో చక్రముల కూర్పులోనో, క్రింది భాగములలోనో లోపము కలదు.

వరదలో మునిగిన బండి అన్నింటికంటె ప్రమాదకరమైనది. 2015 డిసెంబరులో మద్రాసు నగరము, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ ముంపునకు గురియైనప్పుడు ఎన్నో కార్లు నీటి పాలైనవి. ఐరోపా బండ్లలో విద్యుత్ తీగెలు, కంప్యూటరు పెట్టెలు ఎక్కువ. నీరు తగిలిన తీగెల కొనలు లోలోపల చిలుము పట్టి, నెలల తరువాత ఒక్కొక్కటిగా మొరాయించును. సీటు బెల్టును చివరివరకు లాగి చూడవలెను. దాని మొదలులో బురద మరక నిలిచియుండును. సీట్ల క్రింది పట్టాలపై తుప్పు, తివాచీ క్రింద ఒండ్రు, లోపల ముక్కవాసన, ఆ వాసనను కప్పుటకు పెట్టిన ఘాటైన అత్తరు, ఇవన్నియు ఆనవాళ్లే. ఇట్టి బండిని ఎంత చౌకగా ఇచ్చినను తీసికొనరాదు.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే సెల్ఫు కొట్టించి చూడవలెను. మనము పోవు సరికే ఇంజను నడచి వేడెక్కి యున్నచో, మరునాడు వత్తుమని చెప్పి మరలి వచ్చుట మేలు. చల్లని ఇంజనే తన రోగమును చెప్పును. సైలెన్సరునుండి నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నది. తెల్లపొగ ఎంతసేపటికిని ఆగకున్నచో చల్లబరచు ద్రవము లోపలికి దిగుచున్నది. దట్టమైన నల్లపొగ ఇంధనము సరిగా కాలకపోవుటకు చిహ్నము. ఈ బండ్లకు సంస్థవారు వాడునది గులాబివన్నె కూలెంటు. దాని తొట్టిలో ఉత్త కుళాయి నీరు కనబడినచో, ఆ యజమాని పోషణ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

డీజిలు పోలో కొనువారు ఒక బెల్టును గూర్చి తప్పక విచారింపవలెను. ఇంజను లోపల వాల్వులు, పిస్టన్లు లయ తప్పక కదలుటకు టైమింగు బెల్టు అను పంటి పట్టీ ఒకటి ఉండును. అది తెగినచో ఆ క్షణమే పిస్టన్లు వాల్వులను తాకి ఇంజను నాశనమగును. తెగబోవుటకు ముందు అది శబ్దము చేయవలెనను నియమము లేదు. గడువునకు మార్చినట్లు బిల్లు చూపగలిగిన అమ్మకందారు మాటయే నమ్మదగినది. బిల్లు లేనిచో దానిని మార్చు ఖర్చును ధరలో తగ్గించి, కొన్న వెంటనే మార్పించుకొనవలెను. పెట్రోలు ఇంజనులలో కొన్నింటికి బెల్టు, కొన్నింటికి గొలుసు ఉండును గనుక, మనము కొనునది ఏ ఇంజనో ముందు తెలిసికొనవలెను.

డీజిలు బండ్లకు మరియొక చరిత్ర కూడ కలదు. ఈ సంస్థ డీజిలు ఇంజనులలో కాలుష్య పరీక్షను వంచించు ఏర్పాటు ఉన్నదని 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడినది. ఆ సంవత్సరము డిసెంబరులో మన దేశములో మూడు లక్షలకు పైగా బండ్లను సవరణకై పిలిపింతుమని సంస్థవారు ప్రకటించిరి. 2015 నవంబరునకు ముందు తయారైన డీజిలు బండియైనచో, ఆ సవరణ జరిగినదా లేదా చాసిస్ సంఖ్య చెప్పి అధికారిక కేంద్రములో తెలిసికొనుట మంచిది.

క్లచ్చు పెడలు లేని పోలోల విషయములో గేరు పెట్టెయే ప్రధానము. జి.టి. టి.ఎస్.ఐ. అను తరహాలో డి.ఎస్.జి. అను ఏడు గేర్ల పెట్టె ఉన్నది. దానిలో రెండు పొడి క్లచ్చులు ఒకదాని తరువాత నొకటి పనిచేయును. ఖాళీ రోడ్డుపై దాని హాయి వర్ణింపనలవి కానిది. కాని అమీరుపేటవంటి చోట్ల గంటలకొలది కదలుచు ఆగుచు పోవునప్పుడు ఆ క్లచ్చులు వేడెక్కి అరుగును. దానిని నడిపించు మెకట్రానిక్ అను భాగము చెడినచో ఖర్చు లక్ష రూపాయలు దాటును. అందుచేత పరీక్షకు ఖాళీ రోడ్డు చాలదు. రద్దీలో అరగంట నెమ్మదిగా నడిపి చూడవలెను. బయలుదేరునప్పుడు వణకు, రెండవ గేరులో కుదుపు, వెనుక గేరు పడుటలో జాగు, డ్యాషుబోర్డుపై గేరు గుర్తు మినుకుమనుట, ఇవి హెచ్చరికలు. 2020నుండి వచ్చిన ఒక లీటరు టి.ఎస్.ఐ. ఇంజను బండ్లలో గేరు పెట్టె వేరు విధమైనది. ఆరు గేర్లతో పాత పద్ధతి కన్వర్టరుపై నడచును.

చేతి గేర్ల బండిని కూడ గుంతల రోడ్డుపై, అద్దములు దింపి, రేడియో ఆపి నడిపి చూడవలెను. ముందు చక్రములవద్ద టకటక శబ్దము వచ్చినచో బుష్షులు అరిగినవి. తిన్నని రోడ్డుపై స్టీరింగును వదలగా బండి ఒకవైపునకు లాగరాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడలు అదురరాదు. మన వేసవిని బట్టి చూడగా ఎయిర్ కండిషనరును మధ్యాహ్నపు ఎండలో, బండిని నిలిపియుంచి, పది నిమిషములు నడిపి పరీక్షించుట తప్పనిసరి.

కంటికి, చెవికి అందని విషయములకు యంత్రసహాయము కలదు. స్టీరింగు క్రిందనుండు సాకెట్టుకు స్కానరు తగిలించినచో, బండిలోని కంప్యూటర్లు తమలో నమోదైన లోపములను చెప్పును. అమ్ముటకు ముందు లోపములను తుడిచివేయు చాకచక్యము కూడ కొందరికి కలదు. అయితే తుడిచినప్పుడు బండి చేసికొను స్వయంపరీక్షలు కూడ మొదటికి వచ్చును. అవి అసంపూర్ణముగా ఉన్నచో నిపుణుడు పసిగట్టును. ఈ జాతి బండ్లను ఎరిగిన, అమ్మువానికి బంధుత్వముగాని స్నేహముగాని లేని మెకానికును వెంట తీసికొని పోవలెను. అతనికిచ్చు కూలి వ్యర్థవ్యయము కాదు. అట్టి పరీక్షకు అమ్మువాడు ఒప్పుకొననిచో, ఆ నిరాకరణయే ఒక జవాబు.

విడిభాగముల మాట కూడ ఆలోచింపవలెను. పోలో తయారీ ఆగినను ఫోక్స్‌వ్యాగన్ సంస్థ మన దేశములో వ్యాపారము సాగించుచునే యున్నది. పోలోకు, దాని అన్నవంటి వెంటో కారునకు భాగములు పెక్కు ఉమ్మడి. సంస్థయే కొత్త కార్ల అమ్మకము మానిన పుంటోవంటి వాటికి రేకులు, దీపములు దొరకుట కష్టతరము. మీ ఊరిలో ఆ బండిని బాగుచేయగలవారు ఎవరు, చిన్న భాగము తెప్పించుటకు ఎన్ని దినములు పట్టును అని బేరమునకు ముందే విచారింపుడు. బండి ఇంటిముందు నెలదినములు కదలక పడియుండుట కుటుంబమునకు ఎంత చిక్కో చెప్పనక్కరలేదు.

మన చేతిలో ఉన్న సొమ్మంతయు ధరకే పోయరాదు. అందులో ఐదవ వంతైనను వేరుగా దాచి, మొదటి సంవత్సరపు మరమ్మతులకు ఉంచవలెనని మా సలహా. బెల్టు, బ్యాటరీ, టైర్లు, బ్రేకు బిళ్లలు అన్నియు ఒకేసారి చేయి చాచుట ఈ బండ్లలో సామాన్యము. ఐదు లక్షలు కూడబెట్టినవాడు నాలుగు లక్షల బండిని కొన్నచో నిద్రపోగలడు.

చివరిది, అందరు తేలికగా తీసికొనునది, పేరు మార్పు. ఫారములు 29, 30 పై సంతకములు, బ్యాంకు తాకట్టు ఉన్నచో అది తీరినట్లు ఫారము 35, ఇవి చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇయ్యరాదు. ఒకే రాష్ట్రములో చేతులు మారినప్పుడు అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెనని చట్టము. ఇది వట్టి లాంఛనము కాదు. బండి అమ్మివేసినను నమోదులో ఎవరి పేరున్నదో వారే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక ఈ పని అమ్మువానికిని రక్షణయే. భీమా పత్రమును కూడ 14 దినములలో తమ పేరునకు మార్చుకొనవలెను; లేనిచో మన బండికి కలిగిన నష్టమునకు పరిహారము కోరుట చిక్కులపాలగును. వర్తకునివద్ద కొనువారు, 2023 ఏప్రిలునుండి అమలులోనున్న నియమముల ప్రకారము ఆతనికి రవాణా శాఖవారి అధికారపత్రము ఉన్నదా అని అడుగవచ్చును.

ఇన్ని పరీక్షలు చెప్పుట మిమ్ము భయపెట్టుటకు కాదు. చక్కగా సాకిన పోలోను తగిన ధరకు కొని, ఏండ్ల తరబడి సుఖముగా తిరుగుచున్న కుటుంబములు కలవు. వారు బండిని తొందరపడి కొనలేదు, అంతే భేదము. నాలుగు బండ్లు చూచి నాలుగింటిని కాదనుట వృథాప్రయాస కాదు, అది ఐదవదానికి వేసిన బాట. సంసారి సొమ్ము చెమటోడ్చి కూడిన సొమ్ము. ఆ కారులో రేపు కూర్చుండువారు మన బిడ్డలు, మన తల్లిదండ్రులు. చిట్టా లేని బండి, చల్లని ఇంజనును చూపని అమ్మకందారు, నేడే తేల్చుమను తొందర, ఈ మూడింటిలో ఏది యెదురైనను నమస్కారము చేసి లేచి వచ్చుటయే మేలు. ఊరిలో ఇంకను కార్లు అమ్మకమునకు ఉన్నవి.